నిదానం గారు తొందరపడిన రోజు

మా బావ తుమ్ముకు కూడా వాయిదా ఇస్తాడు.

నవ్వకండి, కళ్ళారా చూసిన సంగతి. ఒకసారి కోర్టులో సాక్షి మాట్లాడుతుండగా బావకు తుమ్ము వచ్చింది. బెంచి మీద కూర్చున్న మెజిస్ట్రేటు సాక్షి మాటకు అడ్డుపడకూడదు కదా. కళ్ళు మూసి, ముక్కు బిగబట్టి, అరచెయ్యి కాస్త పైకెత్తి, ఆ తుమ్మును ఉన్నచోటే ఆపేశాడు. సాక్షి చెప్పాల్సింది చెప్పి, సంతకం పెట్టి, మెట్లు దిగి, సైకిలెక్కి ఇంటికి పోయాడు. భోజనాల వేళ దాటింది. సాయంత్రం బావ ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కుదురుగా కూర్చుని, అక్క వంక ఒకసారి చూసి, అప్పుడు తుమ్మాడు. ఆ తుమ్ములోంచి పొద్దుటి కోర్టు దుమ్ము రాలిందని అక్క ఇప్పటికీ చెబుతుంది.

కోర్టు ఆవరణలో ఆయన్ని అందరూ నిదానం గారు అంటారు. ఎదురుగా అనరనుకోండి. వకీళ్ళు అంటారు, బెంచి క్లర్కు అంటాడు, బయట జిరాక్సు మిషను దగ్గర కూర్చునే ముసలాయన అంటాడు. బావమరిది బతక కోరతాడని సామెత. నేనూ మా బావ బతకాలనే కోరతాను. కాకపోతే కాస్త త్వరగా బతకమంటాను.

మా అక్కను చేసుకునేటప్పుడు కూడా అంతే. చూసి వెళ్ళి, "ఆలోచించి చెబుతాను" అన్నాడు. ఎండలు వెళ్ళాయి, వానలు వెళ్ళాయి, ఆలోచన మాత్రం వెళ్ళలేదు. చివరికి అక్కే కబురు పంపింది: "ఆయన ఆలోచన తెమిలేలోపు నాకు జుట్టు నెరుస్తుంది. సరేనన్నారని నేనే అనుకుంటున్నాను, కాదంటే చెప్పమనండి." కాదనడానికి కూడా ఆలోచించాలి కాబట్టి పెళ్ళయిపోయింది.

నేను చదువు మధ్యలో మానేసినవాణ్ణి. నా జవాబు పత్రాలు దిద్దలేక ఇద్దరు మాస్టార్లు ఉద్యోగాలు వదిలేశారని మా వీధిలో చెప్పుకుంటారు, చెప్పింది నేనే అయినా. కాబట్టి చట్టం సంగతులు నన్నడక్కండి. కానీ బావ పని చేసే తీరు మాత్రం నాకు బాగా తెలుసు. కోర్టు తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి, ఎండాకాలం అక్కడ ఫ్యాన్లు బాగా తిరుగుతాయి.

బావ కాగితం చదివేటప్పుడు పెన్సిలు వెనక వైపు అక్షరాల కింద నడుస్తుంది. అది ఆగితే బావ ఆగినట్టు. అది వెనక్కి వెళితే, ఆ పూట ఇంక ఆ కేసు ముందుకు పోనట్టే. సాక్షి చెప్పిన మాటలో ఏదైనా తేడాగా వినిపిస్తే, "అదే మాట మళ్ళీ చెప్పండి, మీరు అన్నట్టే అనండి" అని, ఆ మాటను ఉన్నదున్నట్టు తన చేత్తో రాసుకుంటాడు. ఒక ముసలావిడ పక్కింటివాడి మీద కేసు వేసి, బోనులో నిలబడి "వాడు నా నోట్లో మట్టి కొట్టాడు బాబూ" అంది. అవతలి వైపు కుర్ర వకీలు పట్నంలో పుట్టి పెరిగినవాడు, లేచి, "మట్టి కొట్టినట్టు డాక్టరు సర్టిఫికెట్టు లేదు యువరానర్" అన్నాడు. కోర్టంతా గొల్లుమంది. బావ నవ్వలేదు. "నోట్లో మట్టి కొట్టాడు" అని రాసుకుని, ముసలావిడను అడిగాడు.

"అంటే ఏమిటమ్మా?"

"నా బతుకు చెడగొట్టాడు. నా కొట్టు అక్కణ్ణుంచి ఎత్తించేశాడు."

"వకీలు గారూ, మట్టి గురించి ఇంక వద్దు. కొట్టు గురించి చెప్పండి."

ఇలా పని చేస్తే ఫైళ్ళు ఎప్పటికి తెములుతాయి? బావ గదిలో ఒక కేసు కట్ట మీద పిల్లి ఈనింది. ఆ పిల్లలు పెరిగి పెద్దవై అవీ ఈనాయి. కేసు మాత్రం ఇంకా సాక్షుల దగ్గరే ఉంది. నెలనెలా ఏ కోర్టు ఎన్ని కేసులు తేల్చిందో పై కోర్టుకు జాబితా వెళ్ళేది. అందులో బావ ఎప్పుడూ అట్టడుగునే. నేను వెక్కిరిస్తే ఊరుకునేవాడు కానీ ఒకసారి మాత్రం అన్నాడు.

"నవ్వు గానీ, ఒరేయ్, బెయిలు కోసం లోపల కూర్చున్నవాడికి నా నిదానం ఎంత బరువో నాకు తెలుసు. ఆలస్యమూ అన్యాయమే."

అప్పుడు వచ్చింది యంత్రం.

యంత్రమంటే చక్రాలూ పొగా కాదు. బెంచి మీద ఒక తెర, అంతే. కేసు కాగితాలన్నీ అదే చదువుతుంది. రికార్డింగులు వింటుంది. మన తెలుగు మాటల్ని కోర్టు కాగితాల ఇంగ్లీషులోకి మారుస్తుంది. అంతా కలిపి ఒక్క పేజీలో సారాంశం ఇస్తుంది. బెయిలు అడిగినవాడైతే, వదిలితే వీడు మళ్ళీ తప్పు చేస్తాడా, పారిపోతాడా అని లెక్క కట్టి రంగు కూడా చూపిస్తుంది: పచ్చ, పసుపు, ఎరుపు. బెంచి క్లర్కు బావను అయ్యగారు అని పిలుస్తాడు కదా, దానికి చిన్నయ్యగారు అని పేరు పెట్టాడు. "చిన్నయ్యగారు లేచారా?" అని పొద్దున్నే స్విచ్చి వేసేవాడు.

పై కోర్టు వాళ్ళు అమాయకులేం కాదు. యంత్రంతో పాటే ఒక సర్క్యులరూ పంపారు. యంత్రం సాయం మాత్రమే చేస్తుంది, నిర్ణయం న్యాయాధికారిదే, సారాంశాన్ని నమ్మే ముందు అసలు కాగితాన్నీ అసలు రికార్డింగునూ స్వయంగా పరిశీలించాలి అని. ఎవరూ మరిచిపోకుండా తెర మీద అడుగున ఒక గడి పెట్టారు: మూలాన్ని స్వయంగా పరిశీలించాను. అందులో టిక్కు పెడితే గానీ తర్వాతి పేజీ తెరుచుకోదు. చాలా కట్టుదిట్టం. గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి అదే గుమ్మానికి వేలాడదీసినంత కట్టుదిట్టం.

మొదట్లో బావ సర్క్యులరు ప్రకారమే నడిచాడు. సారాంశం చదివి, మూలం చదివి, పెన్సిలు నడిపించి, అప్పుడు టిక్కు పెట్టేవాడు. ప్రతిసారీ యంత్రం చెప్పిందే నిజమయ్యేది. ఎప్పుడు చూసినా నిజమే చెప్పేవాణ్ణి మళ్ళీ మళ్ళీ ఎవడు అడుగుతాడు? కొన్నాళ్ళకు టిక్కు ముందు పడటం, మూలం తర్వాత చూడటం. ఇంకొన్నాళ్ళకు టిక్కు ఒక్కటే పడటం.

కట్టలు కరగడం మొదలైంది. పిల్లి వేరే ఇల్లు వెతుక్కుంది. బావ మొట్టమొదటిసారి ఎండ ఉండగా ఇంటికొచ్చాడు. అక్క తలుపు తీసి, ముందు ఆయన నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒంట్లో బాగాలేదా?"

"పని అయిపోయింది."

"ఎవరి పని?"

"నాదే."

అక్క నమ్మలేదు. బావ మాత్రం ఆ సాయంత్రం కూనిరాగం తీస్తూ మొక్కలకు నీళ్ళు పోశాడు. ఆయన సంతోషం నాకు తెలుసు. అది మెప్పు కోసం కాదు, లోపల కూర్చున్నవాళ్ళ బరువు కాస్త దిగిందని.

ఇక తాళాలాయన సంగతి. బావ ఇంట్లో కేసు మాట ఎత్తడు, కాబట్టి ఇదంతా నేను తర్వాత కోర్టులో విన్నదీ, బెంచి క్లర్కు చెప్పిందీ.

మార్కెట్టు వెనక సందులో బీరువాను పడుకోబెట్టినంత కొట్టు ఒకటుంది. గోడల నిండా తాళంచెవులు, గాలి వీస్తే గలగలమంటాయి. అందులో కూర్చునే ఆయన ఈ ఊళ్ళో సగం తలుపులకు తాళాలు బిగించినవాడు. ఒక పెద్దింటావిడ పిలిస్తే వెళ్ళి, ఆమె వీధి తలుపుకు తాళం మార్చి, తలుపు దానంతటదే మూసుకునేలా కొత్త స్ప్రింగు కూడా బిగించి వచ్చాడు. కొన్నాళ్ళకు ఆ ఇంట్లో బీరువాలోని వెండి పెట్టె పోయింది. తాళం పగల్లేదు, తలుపు విరగలేదు. తాళం పగలకుండా తలుపెవరు తీయగలరు? తాళాలవాడు. పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళారు. ఆ ఇంటి కాలింగ్ బెల్లుకు కెమెరా ఉంది. బొమ్మతో పాటు మాటలు కూడా పట్టుకుంటుంది. ఆ రికార్డింగులన్నీ కాగితాలతో కలిపి కోర్టుకు పంపారు.

చిన్నయ్యగారు విన్నారు, మార్చారు, సారాంశం రాశారు. అందులో ఒక వాక్యం, తెలుగులో చెబితే, ఇది: పని ముగిసిన తర్వాత నిందితుడు తాను తిరిగి వస్తానని యజమానురాలితో చెప్పి, తలుపు విషయంలో జాగ్రత్తగా ఉండమని, లేనిపక్షంలో వేళ్ళు నలిగిపోతాయని హెచ్చరించాడు.

పక్కన రంగు ఎరుపు.

ఆయన తరఫున కోర్టు ఇచ్చిన వకీలు కూడా ఆ పేజీనే చదివి వచ్చాడు. "నా కక్షిదారు నిరుపేద" అని ఏదో అన్నాడు గానీ, వేళ్ళ సంగతి ఎత్తే ధైర్యం చేయలేదు. పాత బావ అయితే పెన్సిలు ఆపి, "నువ్వేమన్నావు? అన్నట్టే చెప్పు" అని అడిగేవాడు. ఆ రోజు అడగలేదు. తెర మీద రాసి ఉన్నదాన్ని అడగడం దేనికి? గడిలో టిక్కు పడింది, పేజీ తెరుచుకుంది. నిందితుడు ముందే బెదిరించినట్టు కనిపిస్తున్నందున బెయిలు నిరాకరించడమైనది. తాళాలాయన్ని జైలుకు తీసుకెళ్ళారు. బావ ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు.

తాళాలాయనకు జైలు ఒక్కటే కాదు కష్టం. తాళాలు చేసేవాడికి ఉన్న ఆస్తి జనం నమ్మకం. దొంగ అన్న మాట ఒక్కసారి పడితే, రేపు బయటికొచ్చినా ఆయన చేత తలుపు ఎవరు ముట్టిస్తారు?

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజున నేను అక్క ఇంట్లో ఉన్నాను. వంటింటి కుళాయి కారుతోందంటే, "దీనికి మనిషెందుకు, నేను లేనా" అని రెంచి పట్టుకుని దిగాను. కాసేపట్లో అక్క వంటింట్లో జలపాతం వెలిసింది. చూడ్డానికి పక్క వీధి పిల్లలు కూడా వచ్చారు. చివరికి కుళాయిలాయన్ని పిలవక తప్పలేదు. ఆయన వచ్చి, నా వంక జాలిగా చూసి, వాషరు మార్చి, చేతులు తుడుచుకుని సంచీ భుజాన వేసుకున్నాడు. బావ ముందు గదిలో పేపరు చదువుతున్నాడు.

"వస్తానమ్మా," అన్నాడు కుళాయిలాయన గుమ్మం దగ్గర. "కుళాయి జాగ్రత్త. గట్టిగా తిప్పితే ముక్కు ఊడి చేతికొస్తుంది."

బావ పేపరు దించాడు.

"ఆగు. ఇప్పుడేమన్నావు?"

"గట్టిగా తిప్పొద్దన్నానండి."

"అంతకు ముందు."

కుళాయిలాయన నా వంక చూశాడు. నాకూ అర్థం కాలేదు.

"వస్తానన్నానండి."

"ఎప్పుడొస్తావు?"

"ఎందుకు రావాలండీ? పనైపోయిందిగా?"

"మరి వస్తానన్నావు."

"వెళ్తున్నాను కదండీ, అందుకే వస్తానన్నాను."

"వెళ్తుంటే వెళ్తాననాలి కదా?"

"అదేంటి సార్, ఇంటావిడ ఎదురుగా నిలబడి పోతాను అంటామా? బాగుంటుందా?"

"ముక్కు ఊడుతుందన్నావు. ఎవరి ముక్కు?"

"కుళాయి ముక్కండీ!" అప్పటికి ఆయనకు చెమట పట్టింది. "నేను అమ్మగారిని ఏమీ అన్లేదండీ. కావాలంటే ఈ వీధికే రాను. కూలి కూడా వద్దు."

"బావా, వదిలెయ్," అన్నాను. "కోర్టుకు సెలవైతే నువ్వు కుళాయిలాళ్ళ మీద పడ్డావేంటి?"

అక్క వంటింట్లోంచి కేకేసింది. "ఏమండీ, పన్లోకొచ్చిన మనిషిని బోనెక్కిస్తారా? వీడు చేసిన నిర్వాకానికి శిక్ష ముందు వీడికి వెయ్యండి!"

బావ లేచాడు. కుళాయిలాయన కూలి ఆయన చేతిలో పెట్టి, భుజం తట్టి, "ఏం లేదు నాయనా, వెళ్ళిరా" అన్నాడు.

అనేసి అలాగే నిలబడిపోయాడు. వెళ్ళమని చెప్పడానికి ఆయన నోటికీ ‘రా’ తప్ప ఇంకో మాట రాలేదు.

ఆ పూట బావ పేపరు మళ్ళీ ముట్టలేదు. నేను వంటింట్లో నీళ్ళు తోడుతూ ఉన్నాను. నేను ఉన్నానని తెలిసే అక్కతో మాట్లాడాడు. ఎవరి కేసో చెప్పలేదు.

"ఒక కాగితం చూడకుండా చూశానని రాశాను."

"అంటే, అబద్ధం రాశారా?"

"అవును."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"రేపు చూడాలి. నేననుకున్నట్టే ఉంటే, చూడలేదని కోర్టులో అందరి ముందూ చెప్పాలి. చెబితే పై నుంచి వివరణ అడుగుతారు. ప్రమోషన్ల జాబితా తయారవుతోంది."

"చెప్పకుండా సరిచెయ్యలేరా?"

"సరిచెయ్యొచ్చు. వాళ్ళ వకీలు మళ్ళీ అడిగితే ఏదో కారణం రాసి బెయిలు ఇచ్చేయొచ్చు. ఎవరికీ తెలీదు."

"ఎవరికీ అంటే?"

"ఎవరికీ."

అక్క కాసేపు గిన్నెలు సర్దింది. "ఆ మనిషికి మాత్రం బెదిరించాడన్న మాట అలాగే ఉండిపోతుంది కదా," అంది. "మీ మాట దిద్దుకుంటేనే ఆయన మాట తుడుచుకుపోతుంది."

నా జీవితంలో జోకు తట్టని సందర్భం అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే బావ తన గదిలో ఆ రికార్డింగు పెట్టించుకుని విన్నాడు. "మళ్ళీ పెట్టు" అంటాడు, వింటాడు, "మళ్ళీ" అంటాడు. అయ్యగారికి చెముడొచ్చిందేమోనని భయపడ్డానని బెంచి క్లర్కు నాతో అన్నాడు. తర్వాత ఇద్దరు వకీళ్ళకూ, ఫిర్యాదు చేసిన పెద్దింటావిడకూ కబురు వెళ్ళింది. తాళాలాయన్ని జైలు నుంచి తీసుకురమ్మన్నాడు.

విచారణ రోజున నేను చివరి బల్ల మీద కూర్చున్నాను. తాళాలాయన సన్నగా, కాస్త వంగి ఉన్నాడు. చేతుల్లో పనిముట్టు లేకపోవడంతో వేళ్ళు ఏం చెయ్యాలో తెలియక చొక్కా గుండీని తిప్పుతున్నాయి.

"రికార్డింగు పెట్టండి. సారాంశం కాదు, అసలుది," అన్నాడు బావ.

ముందు తలుపు కిర్రుమంది. తర్వాత ఆయన గొంతు, నెమ్మదిగా. "అయిపోయిందమ్మా. వస్తాను మరి. తలుపు జాగ్రత్త, కొత్త స్ప్రింగు కదా, వేళ్ళు నలుగుతాయి." ఆవిడ గొంతు: "మంచిది బాబూ." మళ్ళీ తలుపు.

కోర్టులో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. తాళాలాయన నవ్వలేదు. ఆయన బావ వంక చూస్తున్నాడు.

బావ పెద్దింటావిడను అడిగాడు. "ఇతను మిమ్మల్ని బెదిరించాడా?"

"బెదిరించడమేంటండీ? వస్తానన్నాడు, సరేనన్నాను. నా పెట్టె పోయిందన్నాను గానీ, బెదిరించాడని నేనెక్కడన్నాను?"

సర్కారు వకీలు లేచాడు. మంచి మాటకారి. "ఒక్క వాక్యం అనువాదంలో తేడా వచ్చి ఉండొచ్చు. కానీ యంత్రం ఎరుపు చూపించడానికి ఆ వాక్యం ఒక్కటే కారణం అనుకోలేం. ఎన్నో విషయాలు లెక్కలోకి తీసుకుంటుంది."

"ఏయే విషయాలు?"

"అది... తయారుచేసిన వాళ్ళకు తెలుస్తుంది."

"సరే. ఆ వాక్యం తీసేసి మళ్ళీ లెక్క కట్టమనండి."

బెంచి క్లర్కు తీసేశాడు. తెర కాసేపు ఆలోచించింది. రంగు మారింది: పచ్చ.

తాళాలాయన వకీలు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "యువరానర్, పచ్చ!"

"కూర్చోండి," అన్నాడు బావ. "అది ఎందుకు ఎరుపో నాకు తెలియదు. ఎందుకు పచ్చో కూడా తెలియదు. ఎరుపు తప్పని తేలాక, పచ్చ నాకు అనుకూలంగా ఉందని పుచ్చుకోను. తెర ఆపండి."

ఆపారు. బావ పెన్సిలు తీశాడు. తాళాలాయన్ని ఒక్కొక్కటే అడిగాడు. ఇల్లెక్కడ, కొట్టు ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఇంట్లో ఎవరెవరు, ఇంతకు ముందు కేసులున్నాయా, పిలిస్తే కోర్టుకు వస్తావా. ఆ చివరి ప్రశ్నకు తాళాలాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. వస్తాననడానికి భయం. తల మాత్రం ఊపాడు.

"నోటితో చెప్పు, ఫరవాలేదు," అన్నాడు బావ. "నేను వింటున్నాను."

"వస్తానండీ."

పెన్సిలు ఆ మాటను అలాగే రాసుకుంది. తర్వాత బావ ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టాడు. "ఇంతకు ముందు ఉత్తర్వులో మూలాన్ని స్వయంగా పరిశీలించినట్టు నేను గుర్తు పెట్టాను. పరిశీలించలేదు. బెదిరింపు అన్న మాట యంత్రం సారాంశం నుంచి వచ్చింది. రికార్డింగులో బెదిరింపు లేదు."

బెంచి క్లర్కు వేళ్ళు ఆగిపోయాయి. తల వంచి చిన్నగా అడిగాడు. "అయ్యగారూ, ఇది కూడా ఎక్కించాలా?"

"ముందు అదే ఎక్కించు."

సర్కారు వకీలు తన కాగితాల్లోకి చూసుకున్నాడు. బెయిలు మంజూరైంది. కేసు మిగిలే ఉంది, దాని దారిన అది నడవాలి. వెండి పెట్టె ఎవరు తీశారో నేనీ ముక్క రాసే నాటికీ తేలలేదు.

వివరణ అడిగారు. బావ దాన్ని ఎంత నిదానంగా రాశాడంటే, అది చేరేలోపు అడిగినాయన రిటైరయ్యాడు. ఈ ముక్కలో అబద్ధం కొంచెమే. ఆ ఏడాది ప్రమోషన్ల జాబితాలో బావ పేరు లేదు. వివరణలో ఆయన తన తప్పు ఒప్పుకుని ఊరుకోలేదు, ఆ గడి గురించి కూడా రాశాడు. గడిలో టిక్కు పెట్టడానికి వినక్కర్లేదు, అందుకని అది కాపలా కాదు, కాపలా ఉందన్న నమ్మకం మాత్రమే అని. ఇలాంటి ఉత్తరాలు ఇంకా కొన్ని కోర్టుల నుంచి కూడా వెళ్ళాయట. కొన్నాళ్ళకు కొత్త నిబంధనలు వచ్చాయి. టిక్కు గడి పోయింది. దాని బదులు, ఎవరి మాటను ఆధారం చేసుకుంటున్నారో ఆ మాటను, అన్నవాళ్ళ భాషలో, అన్నట్టే న్యాయాధికారి రాయాలి. సారాంశాన్ని నిందితుడికి అతని భాషలో చదివి వినిపించి, కాదంటే ఏది కాదో అడగాలి. అతను చెప్పింది వినే వరకు రంగు చూపించకూడదు. కొందరు మెజిస్ట్రేట్లు గొణిగారు, మళ్ళీ నత్తనడకేనా అని. యంత్రం తెర ఇప్పటికీ బావ బెంచి మీదే ఉంది. పాత తీర్పులు వెతకడానికి బాగుంటుందంటాడు. పిల్లి మాత్రం తిరిగొచ్చింది.

మొన్నామధ్య నేను పాత తాళం ఒకటి పట్టుకుని తాళాలాయన కొట్టుకు వెళ్ళాను. నేనెవరి బావమరిదినో ఆయనకు తెలుసు. తాళం విప్పి, ఆకురాయి తీశాడు.

"బేరాలెలా ఉన్నాయి బాబాయ్?" అన్నాను.

"ఉన్నాయి. మా సందులోవాళ్ళు మాత్రం నేను లోపలున్నప్పుడు తాళాలు మార్పించుకున్నారు. వేరేవాడి చేత."

"మా బావ..." అని మొదలుపెట్టాను.

"మీ బావగారు మంచోరే," అన్నాడు తల ఎత్తకుండా. "అందరి ముందూ చెప్పారు. అది చిన్న విషయం కాదు." ఆకురాయి కాసేపు నడిచింది. "ఇప్పుడు ఎవరింటికైనా వెళ్తే, పనవగానే ‘వెళ్తున్నానమ్మా’ అంటున్నాను. మొన్న ఒక పెద్దావిడ కసురుకుంది. మంచీ మర్యాదా లేదా, అదేం మాటయ్యా అని. ఏం చెయ్యను? గుమ్మం దగ్గర కెమెరా కనపడితే నోరు తిరగట్లేదు."

ఇదంతా రాసి, చివర ఒక మంచి వాక్యం చేర్చాను. ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరూ యంత్రానికి దణ్ణం పెడుతుంటే, దాని నోటికి కళ్ళెం వేసిన ఒకే ఒక్క మొనగాడు మా బావ అని. ముందు ఆయనకే చూపించాను. పెన్సిలు వెనక వైపు తిప్పి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. అక్క రెండుసార్లు టీ పెట్టింది. చివరి వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది.

"కళ్ళెం నేను వెయ్యలేదు. వినకుండా సంతకం పెట్టాను, విన్నాక మార్చాను. ఆ మధ్యలో ఆయన జైల్లో ఉన్నాడు."